ఆల్బర్టా పాదాల దగ్గర

జొనెల్ పెట్టె మూత తీయగానే చర్చి కింద హాల్లో అప్పటిదాకా వాగుతున్న ముగ్గురూ టక్కున ఆగిపోయారు.

లోపల మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది ఆల్బర్టా. ఆరేళ్ళ పిల్లంత పొడుగు, మొహానికి మాత్రం అరవై దాటాయి. తెల్లటి చెక్క మీద అక్రోటు రంగు పట్టించి, తేనెమైనం రుద్ది, ఆరనిచ్చి, మళ్ళీ పట్టించి, మళ్ళీ రుద్ది, చలికాలమంతా జొనెల్ ఇదే పనిలో ఉంటే వచ్చిన చర్మం అది. లోపలెవరో దీపం వెలిగించినట్టు మెరుస్తోంది. ఒంటిమీద పువ్వుల ఏప్రన్. కుడిచేతిలో పొయ్యి మీద కాల్చి జుట్టు సాపు చేసే ఇనప దువ్వెన. ఒక కనుబొమ్మ కాస్త పైకి లేచి ఉంది, మళ్ళీ వానలో తడిసొచ్చావా అని ఎవర్నో అడగబోతున్నట్టు.

మిస్టర్ టిబ్స్ కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బొమ్మలు ఆడించీ ఆడించీ భుజాలు వంగిపోయిన పెద్దాయన. ఎన్ని బొమ్మల్ని చూశాడో ఆయనకే తెలీదు.

“ఈవిడ మా అక్క చెవి కాల్చింది,” అన్నాడు చివరికి, ఆ దువ్వెన వైపు చూస్తూ.

“మా అమ్మ చెవి కూడా,” అంది మిస్ ఒరీతా, నిచ్చెన మీద దీపం బిగిస్తూ.

“ఇంకా పెట్టెలోంచి లేవనే లేదు, అప్పుడే ఆవిడ మీద ఇన్ని ఫిర్యాదులా?” అన్నాడు డేవియన్. వాడిది జొనెల్ వయసే. నోరు మాత్రం ఇద్దరి పెట్టు.

జొనెల్‌కి నవ్వొచ్చింది, కానీ పూర్తిగా నవ్వలేకపోయింది. ఎందుకంటే ఈ ముగ్గురూ ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళు కారు. డెట్రాయిట్‌లో బొమ్మలాడించే నల్లజాతి కళాకారులు తమకి తాము కట్టుకున్న గుంపు ఇది. ఎక్కడా చోటు దొరకని రోజుల్లో ఈ హాల్లో ఒక మడత బల్ల చుట్టూ చేరారు, అప్పట్నించి గుంపు పేరే బల్ల అయిపోయింది. ప్రతి ఏడూ బల్ల ఒక్క కొత్త బొమ్మని ఎత్తుకుంటుంది. ఎత్తుకుందంటే ఇంక అందరి చేతులూ దానివే. ఆడించడానికి మనుషులుంటారు, దీపాలుంటాయి, కుట్టేవాళ్ళుంటారు, వసంతం వచ్చిందంటే ఊళ్ళో లైబ్రరీలూ బళ్ళూ అన్నీ తిరిగి ఆట ఆడతారు. ఎత్తుకోకపోతే పెట్టె మూసుకుని ఇంటికి పోవడమే. ఆల్బర్టా లేవాలంటే ముగ్గురు మనుషులు కావాలి. బేకరీలో పొద్దున్నే పిండి పిసికే జొనెల్‌కి ఉన్నది తనొక్కతే.

ఈ ఏడు పోటీలో ఉన్నవి రెండే. ఒకటి ఆల్బర్టా. రెండోది డేవియన్ చేసిన పావురం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఇదే హాల్లో రెండూ ఆడాలి.

“సరే, ఎవరెక్కడ?” అంది జొనెల్ చేతులు రుద్దుకుంటూ. “నేను తల, కుడిచెయ్యి పట్టుకుంటా.”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఎవరూ చెప్పలేదా నీకు?” అంది ఒరీతా నిచ్చెన దిగి. “ఇక్కడ బొమ్మ చేసినవాళ్ళు మొదటి ఆటకి పాదాలు పడతారు బేబీ. తల ఇంకొకరిది.”

“నా బొమ్మకి నేను తల పట్టకూడదా?”

“మొదటిసారి పట్టకూడదు.”

“ఎందుకు?”

“ఆవిడ ఎలా ఉంటుందో నీకు తెలుసు,” అన్నాడు టిబ్స్. “ఎలా నిలబడుతుందో తెలీదు. అది కింద నుంచే తెలుస్తుంది. తల, కుడిచెయ్యి నేను పడతాను. ఎడమచెయ్యి డేవియన్.”

“వీడా? వీడు నా మీద పోటీ కదా.”

“అందుకే చాలా శ్రద్ధగా పాడుచేస్తా,” అన్నాడు డేవియన్. “నీ పక్కనే నిలబడి.”

అదీ ఇక్కడి ఆనవాయితీయే. పోటీలో ఉన్నవాడి చెయ్యి పోటీలో ఉన్నవాడికే అరువు.

జొనెల్ ఇంక వాదించలేక సంచీలోంచి నల్లటి ముసుగులు మూడు తీసింది. కాలేజీలో నేర్చుకున్న పద్ధతి అది. ఆడించేవాళ్ళు తలనుంచి కాళ్ళదాకా నల్లబట్టలో మాయమైపోవాలి, బొమ్మ ఒక్కటే కనబడాలి. రాత్రి కూర్చుని తనే కుట్టింది, కళ్ళ దగ్గర పల్చటి వల కూడా పెట్టింది.

మిస్టర్ టిబ్స్ ఒకటి చేతిలోకి తీసుకుని కుట్టు చూశాడు. “పని బాగుంది,” అని మడిచి తిరిగిచ్చేశాడు. “నేను సగం బతుకు ఇందులోనే బతికాను తల్లీ. పెద్ద పెద్ద థియేటర్లలో. ఒకసారి మా అమ్మ చూడ్డానికొచ్చింది. మూడు నల్లముసుగులున్నాయి, కొడుకు ఎందులో ఉన్నాడో ఆవిడకి తెలీలేదు. ముగ్గురికీ చెయ్యి ఊపింది.”

ఎవరూ నవ్వలేదు. ఆయనే కొంచెం నవ్వాడు.

“కానీ మొహాలు కనిపిస్తే జనం మనల్ని చూస్తారు. ఆల్బర్టాని చూడరు,” అంది జొనెల్.

“జనం మనం ఎక్కడ చూస్తే అక్కడ చూస్తారు. ముగ్గురం ఆవిణ్ణే చూస్తే వాళ్ళూ ఆవిణ్ణే చూస్తారు. మన మొహాలు వాళ్ళ ఎదురుగానే ఉంటాయి, అయినా చూడరు. నువ్వే చూద్దువుగాని.”

మోకాలెత్తు వేదిక మీద ఆల్బర్టాని నిలబెట్టారు. జొనెల్ పక్కన నేల మీద మోకరిల్లి రెండు మడమలూ పట్టుకుంది. టిబ్స్ వెనకనుంచి ఎడమచేతిని ఆల్బర్టా వీపులోకి పోనిచ్చి మెడ కింది పిడి అందుకున్నాడు. అందుకున్నాడంతే, ఇంకేం చెయ్యలేదు. ముక్కుతో చిన్నగా ఊపిరి పీల్చాడు.

ఆల్బర్టా మేలుకుంది.

జొనెల్ ఇన్ని నెలలు ఆ మొహాన్ని ఒళ్ళో పెట్టుకుని గీకింది, నునుపు చేసింది, నిద్రలో కూడా దాన్ని చూసింది. కానీ ఆ మొహం తన వైపు కాకుండా దేన్నో చూడ్డం ఇదే మొదటిసారి. కిటికీ ఉండాల్సిన చోట కిటికీ ఉందన్నట్టు చూసింది ఆల్బర్టా. మంచు పడుతోందని తెలుసుకుంది. వీపులో చిన్న నొప్పి ఉన్నట్టుంది, నడుం నిటారు చేసింది. ఆవిడకి నడుం నొప్పి ఉందని చేసిన జొనెల్‌కే తెలీదు.

ఇంతలో అంతా చెడింది. తల పట్టినవాడి ఊపిరే సైగ ఈ పద్ధతిలో, మాటలుండవు, లెక్కపెట్టడాలుండవు, అది విని ఎడమచెయ్యి కదలాలి, పాదాలు కదలాలి. కథ రాసింది జొనెల్. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళాలని ఆమెకి తెలుసు. ఆగలేకపోయింది. పాదాలు పొయ్యి వైపు బయల్దేరాయి, తల ఇంకా కిటికీ దగ్గరే ఉంది, ఆల్బర్టా నడుం దగ్గర మెలితిరిగి చెక్క ముక్కల్లా వేలాడింది.

“పాదాలకి బస్సు వెళ్ళిపోతోంది,” అన్నాడు డేవియన్. “తలకి ఇంకా ఆదివారం.”

“మళ్ళీ,” అన్నాడు టిబ్స్.

మళ్ళీ చేశారు. ఆ వారమంతా చేశారు. జొనెల్ మోకాళ్ళు కమిలిపోయాయి, జడలు సగం విప్పి సగం అల్లి వదిలేసింది, బేకరీ పిండి ఇంకా జుట్టులోనే ఉంది, ఒరీతా చూసి, “ఊరందరికీ తల దువ్వే బొమ్మని చేసింది, తన తల చూడు పిచ్చుక గూడు,” అని సణిగింది. శుక్రవారానికి గానీ జొనెల్‌కి టిబ్స్ ఊపిరి వినడం రాలేదు. వచ్చాక మాత్రం అబ్బ, ఏం చెప్పాలి. ఆ ఊపిరి చెవిలో పడేది, చేతులు వాటంతటవే కదిలేవి, ఆల్బర్టా అలా నడిచి వెళ్ళిపోయేది. తన చేతుల్లోంచే నడిచి వెళ్తున్నా ఆవిడ తనకేమీ కాదన్నట్టు ఉండేది.

ఆదివారం హాలు నిండిపోయింది. ఆరాధన నుంచి అలాగే వచ్చేశారు అందరూ, మంచి బట్టల్లో, వెనక బల్లల మీద వేయించిన చేప, మాకరోనీ చీజ్, చిలగడదుంప పెట్టి కాల్చిన తీపిరొట్టె పళ్ళేల్లో సర్దుకుని. ముందు డేవియన్ పావురం ఆడింది. అది బస్‌స్టాపు దగ్గర బతికే లావుపాటి పావురం, తనే ఊరి మేయరనుకుంటుంది. ఎవరో తిని పారేసిన చికెన్ ముక్క దగ్గరికి వెళ్ళి, వాసన చూసి, ఇది మా బంధువా అని అనుమానంగా తల పక్కకి వాల్చేసరికి జనం కుర్చీల్లోంచి జారిపోయారు. ఒకావిడ నవ్వి నవ్వి చేతిసంచీతో పక్కనున్న మొగుణ్ణి కొట్టింది. జొనెల్ డేవియన్ పక్కనే నిలబడి పావురానికి రెక్క పట్టుకుని ఉంది. జనం నవ్విన ప్రతిసారీ ఆమెకి ఆల్బర్టాయే గుర్తొచ్చింది. ఆల్బర్టా కథలో నవ్వించేది ఏమీ లేదు.

తర్వాత దీపాలు తగ్గాయి. జొనెల్ మోకరిల్లింది. మడమలు పట్టుకుంది.

ఊపిరి.

ఆల్బర్టా మేలుకుంది, మంచు చూసింది, పొయ్యి వెలిగించింది, దువ్వెన దాని మీద పెట్టింది. ఈస్టర్ ముందురోజు. పండక్కి తల దువ్వించుకోడానికి పిల్లలు రావాలి. ఎవరూ రాలేదు. ఆమె కుర్చీలో కూర్చుంది, ఎదురుగా చిన్న పీట పెట్టుకుంది, దువ్వెన అందుకుని ఖాళీ పీట మీద గాలిలో ఒక పిల్ల తల దువ్వడం మొదలుపెట్టింది. అది జొనెల్ రాసుకున్న కథకి గుండెకాయ. అక్కడ పిల్ల ఉందని చూసేవాళ్ళే అనుకోవాలి.

హాలంతా నిశ్శబ్దం. ఎలాంటి నిశ్శబ్దం ఇది? ఇంతసేపు నవ్విన జనం. విసుగొచ్చిందా? చేపలు చల్లారిపోతున్నాయని చూస్తున్నారా? ఒక కుర్చీ కిర్రుమంది. జొనెల్ తట్టుకోలేకపోయింది. తలెత్తి జనం వైపు చూసింది.

ఒక్క చూపే. ఆ చూపుతో హాల్లో ఉన్న కళ్ళన్నీ ఆల్బర్టా మొహం మీంచి జారి తన మొహం మీదికి వచ్చి పడ్డాయి. అది ఆమెకి ఒంటి మీద తెలిసింది. నేల మీద మోకరిల్లి భయపడుతున్న అమ్మాయి ఒకతె ఉంది అక్కడ, ఆమెని చూస్తున్నారు అందరూ. ఆమె పైన, కుర్చీలో, చెక్క, గుడ్డ, తోలు ముక్కలు. అంతే. చచ్చిపోయింది ఆల్బర్టా. ఎన్ని నెలల పని, ఎవరూ తోసెయ్యకుండానే తనే తోసేసింది.

టిబ్స్ ఆగాడు. దువ్వెన గాలిలో ఆగింది. మరొకడైతే ఏమీ జరగనట్టు ఆట లాక్కుపోయేవాడు. ఆయన అలా చెయ్యలేదు. ముక్కుతో చిన్నగా ఊపిరి పీల్చాడు, ఇంతవరకూ వారమంతా ఎప్పుడూ పీల్చని చోట.

ఆల్బర్టా తల నెమ్మదిగా పక్కకి తిరిగింది. ఖాళీ పీటని వదిలేసి, తన కాళ్ళ దగ్గర కూర్చున్న అమ్మాయిని చూసింది. ఆ రేగిన జుట్టుని చూసింది. ఒక కనుబొమ్మ అప్పటికే లేచి ఉంది కదా.

వెనక ఎవరో, “అమ్మో, దొరికిపోయింది,” అన్నారు మెల్లగా.

టిబ్స్ కళ్ళు జొనెల్ జుట్టు మీదే ఉన్నాయి. డేవియన్ కళ్ళూ అక్కడే. హాలు కళ్ళన్నీ అక్కడికే వచ్చాయి. అప్పుడు డేవియన్ పట్టుకున్న ఎడమచెయ్యి కదిలింది. వాడు ఊరుకుని ఉంటే సరిపోయేది. చెయ్యి ఒళ్ళో పెట్టి ఉంచినా ఎవరూ తప్పుపట్టరు, పావురం గెలిచేది. ఆ చెయ్యి గాలిలో తేలి వచ్చి జొనెల్ నెత్తిమీద దిగింది. వేళ్ళు జుట్టులోకి వెళ్ళాయి. విప్పి వదిలేసిన జడ ఒకటి వెతికి, చిక్కు తీసి, పాపిడి తీశాయి.

ఆ వేళ్ళు చేసింది జొనెల్. పాత చేతితొడుగు తోలు కత్తిరించి ఒక్కొక్క కణుపుకీ కీలు పెట్టింది, ఉంగరం వేలు కాస్త బిరుసని ఆమెకి తెలుసు, అది కదిలితే చప్పుడొస్తుందని తెలుసు, చప్పుడు కూడా వినబడింది. ఇవన్నీ తెలిసీ లాభం లేకపోయింది. ఆవిడ చెయ్యి అది. తలకి నూనె రాసే పెద్దవాళ్ళ చెయ్యి ఎంత బరువుంటుందో అంత బరువుంది. జొనెల్ మెడ దానంతటదే వంగింది. జనం సంగతి పోయింది. కళ్ళ ముందు పువ్వుల ఏప్రన్ ఒక్కటే ఉంది.

ఊపిరి.

జొనెల్ చేతుల్లో మడమలు కదిలాయి. ఆల్బర్టా మోకాళ్ళు రెండూ ఎడం చేసి ఆ అమ్మాయికి మధ్యలో చోటిచ్చింది. కదిపింది తనేనని జొనెల్‌కి చాలాసేపటి తర్వాత తట్టింది.

దువ్వెన పొయ్యి మీదికి వెళ్ళి వచ్చింది. ఆల్బర్టా దాన్ని మూతి దగ్గర పెట్టుకుని ఉఫ్ మని ఊదింది. దువ్వెన చెవి వైపు వస్తుంటే హాల్లో ఆడవాళ్ళందరి భుజాలూ ఒక్కసారి పైకి లేచాయి.

“చెవి పట్టుకో పిల్లా,” అంది ముందు వరసలో ఒకావిడ.

“మడిచి పట్టుకో, కాలుద్ది,” అంది ఇంకొకావిడ, చాలా కంగారుగా.

ఎలా పట్టుకుంటుంది? రెండు చేతుల్లోనూ పాదాలున్నాయి. వదిలిందంటే ఆల్బర్టా కాళ్ళు గుడ్డపేలికలైపోతాయి. జొనెల్ కదల్లేదు, వదల్లేదు. దువ్వెన ఆగింది. ఆల్బర్టా ఆ అమ్మాయి రెండు చేతులూ ఎక్కడున్నాయో ఒకసారి వంగి చూసింది. చూసి, తన పాదాల్ని పట్టుకుని ఉన్నాయని తెలుసుకుని, అలా కాసేపు ఉండిపోయింది. తర్వాత తన ఎడమచేత్తోనే జొనెల్ చెవిని మడిచి పట్టుకుంది.

ఎవరూ నవ్వలేదు. హాలంతటి నుంచీ ఒక నిట్టూర్పు వచ్చింది, అందరిదీ ఒకటే. దువ్వెన చెవి పక్కనుంచి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా కిందికి జారింది. అది ఎప్పుడూ పొయ్యి చూడని చల్లటి ఇనుము. అయినా జొనెల్‌కి చెంప వెచ్చబడింది.

దీపం ఆర్పాల్సిన చోట ఒరీతా దీపం ఆర్పలేదు. మరచిపోయింది. తర్వాత అడిగితే, మధ్యలో లేచిపోవడం ఏం మర్యాద, ఇంకా తలకి ఒకవైపే అయింది కదా అంది.

చప్పట్లు ఎంతసేపు కొట్టారో జొనెల్‌కి తెలీలేదు. తెర వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉంది. డేవియన్ ఒక పళ్ళెంలో తీపిరొట్టె ముక్క పట్టుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

“నేను చూశాను జనం వైపు,” అంది జొనెల్. “పాడుచేశాను.”

“చేశావు. బాగా చేశావు.”

“నువ్వు చెయ్యి కదపకుండా ఉండాల్సింది.”

“కదిపింది నేనని ఎవరు చెప్పారు?” అన్నాడు డేవియన్, ఈసారి నవ్వులాటకి కాదు. తన కుడి అరచేతిని తిప్పి చూసుకున్నాడు. “నా పావురానికేం తొందర లేదులే. తీగ మీద కూర్చుని ఎదురుచూడ్డం దాని జాతి లక్షణం. వచ్చే ఏడు చూసుకుంటాం. ముగ్గురం ఇందాకే మాట్లాడుకున్నాం. బల్ల ఆల్బర్టాని ఎత్తుకుంది.”

జొనెల్ తీపిరొట్టె ముట్టుకోలేదు. తల మాత్రం ఊపింది.

మిస్టర్ టిబ్స్ ఆల్బర్టాని చంకనెత్తుకుని వచ్చి వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టాడు, పెట్టెలో సర్దడానికి. “పాదాల పని అయిపోయింది తల్లీ. ఇంక తల నీది,” అన్నాడు.

అప్పుడే ఒక ముసలావిడ అటు నడిచి వచ్చింది. ఊదారంగు టోపీ, చేతికర్ర, నిదానం. మిసెస్ గెయితర్ అంటారు ఆవిణ్ణి, చర్చిలో అందరికంటే పెద్దది. జొనెల్ వైపు గానీ టిబ్స్ వైపు గానీ చూడలేదు. కుర్చీలో తల వాల్చి నిర్జీవంగా ఉన్న బొమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఆదివారాలు కూడా చేస్తావా అమ్మా?” అంది ఆల్బర్టాతో.

ఆవిడ టోపీ పిన్ను తీసింది. టోపీ తీసి కర్రకి తగిలించింది. కింద పల్చటి తెల్లజుట్టు, దూదిపింజలా ఉంది. వెనక్కి తిరిగి, వేదిక అంచు మీద, ఆల్బర్టా మోకాళ్ళ దగ్గర మెల్లగా కూర్చుంది. కళ్ళు మూసుకుంది.

టిబ్స్ కోటు విప్పాడు. పెద్దాయన నేల మీదికి దిగుతుంటే మోకాళ్ళు రెండూ పటపటమన్నాయి. “నన్ను తిరిగి లేపేదెవరో ముందే తేల్చుకోండి,” అని గొణిగి మడమలు రెండూ పట్టుకున్నాడు. డేవియన్ ఎడమవైపుకి వచ్చేశాడు. ఒరీతా చేతిలో సగం తిన్న చేపముక్క అలాగే పెట్టేసి దీపాల దగ్గరికి పరిగెత్తింది.

జొనెల్ ఏప్రన్ వెనకనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చింది. మెడ కింది పిడి ఇంకా వెచ్చగా ఉంది. ఇన్నాళ్ళూ ఇది చేతికొస్తే ఏమేం చేయించాలో ఎన్ని అనుకుంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. ఎదురుగా ఆ తెల్లటి తల ఉంది. దాన్నే చూసింది. ఇంకెటూ చూడలేదు. ముక్కుతో చిన్నగా ఊపిరి పీల్చింది.

ఆల్బర్టా తలెత్తింది. ఎడమచెయ్యి వెళ్ళి ఆ దూదిలో దిగింది.

“నెమ్మది,” అంది మిసెస్ గెయితర్ కళ్ళు తెరవకుండానే. “నాది చిన్నప్పట్నించీ నొప్పి తల. ముట్టుకుంటే ఏడ్చేదాన్ని.”

ఆల్బర్టా చెయ్యి ఆగింది. ముందుకి వంగి, చెవి దగ్గర్నుంచి చెవిదాకా ఆ నెత్తిని ఓపిగ్గా చూసి, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టింది, ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా తీస్తూ.